పసుపు దారం సీటు

నాంపల్లి కోర్టు గేటు దగ్గర నల్లకోటు మనిషి ఎదురైతే నా కళ్ళు ముందు ఆయన చంక కిందికి పోతాయి. నలుగురిలో ఆడది అట్లా చూడటం బాగుండదని తెలుసు. ఒకసారి ఒక వకీలు, "ఏందమ్మా, జేబులకెల్లి ఏమన్న పడ్డదా?" అని తన చుట్టూ తానే వెతుక్కున్నాడు. ఏం చెప్పాలి ఆయనకు. కోటు లోపల, చంక దగ్గర అస్తరు కుట్టు కలిసే మూలన, రంగు దారంతో వేసిన చిన్న ముడి ఒకటి ఉంటుంది. చెయ్యి ఎత్తి ఆటోను పిలిచినప్పుడు లిప్తకాలం కనబడి పోతుంది. ఆ ముడి ఉంటే అది ఆబిడ్స్‌లో మా యజమానురాలు అమ్మగారి దుకాణం కోటు. ముడి పసుపుపచ్చగా ఉంటే అది మా అత్త చేతిదో, నా చేతిదో.

మొన్నటి చలికాలంలో అమ్మగారు కన్నుమూశారు. ఆమె కొలిచి కోయించిన కోట్లు మాత్రం ఇంకా వాయిదాలకు తిరుగుతూనే ఉన్నాయి.

దుకాణం బోర్డు మీద ఉన్నది వాళ్ళాయన పేరు. బ్యాంకువాళ్ళు ఆమెను మేడమ్ అనేవాళ్ళు, వకీళ్ళు ఆంటీ అనేవాళ్ళు, మేము అమ్మగారు అనేవాళ్ళం. అసలు పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. ఆమె నాన్నగారు గుడివాడ దిక్కు నుంచి, రాజధాని ఇక్కడికి వచ్చిన ఏడు, గుమాస్తాగా వచ్చారట. పుట్టింది పెరిగింది ఈ ఊళ్ళోనే అయినా అమ్మగారి మాటలో ఆ దిక్కు యాస పోలేదు. మా మాట వినీ వినీ, నవ్వించాలనుకున్నప్పుడు మాత్రం, "గట్లెట్ల అమ్మాయ్" అనేవారు. అది ఆమె నోట్లో ఎంత వంకరగా ఉండేదంటే ఇస్త్రీ మేస్త్రీ కూడా పెట్టె పక్కన పెట్టి నవ్వేవాడు.

మనిషి పొట్టి. నేత చీర, పెద్ద అంచు. మెడలో పుస్తెలతాడు తీసేశాక ఆ చోటు టేపుకు ఇచ్చినట్టు ఎప్పుడూ టేపు వేలాడుతూ ఉండేది. సుద్దముక్క పట్టిన చెయ్యి నడుముకు తుడుచుకోవడం అలవాటు, అందుకని చీర కుడివైపు సాయంత్రానికల్లా తెల్లబడిపోయేది. పెళ్ళికి పోయినా, గుడికి పోయినా మనుషుల భుజాలే చూసేవారు. "ఆ పంతులుగారి ఎడమ భుజం జారింది చూశావా? ఎవరో సరిగా చూసుకోక లాల్చీ అలాగే కుట్టేశారు" అని మంత్రాల మధ్యలో నా చెవిలో చెప్పారొకసారి.

కొలతకు నిలబడ్డ ప్రతి మగవాడూ పొట్ట లోపలికి లాక్కుంటాడు. అమ్మగారు టేపు చుట్టి, వదులుగా పట్టుకుని, మాటల్లోకి దిగేవారు. "మీ నాన్నగారి మోకాళ్ళెలా ఉన్నాయి నాయనా? లక్డీకాపూల్‌లో చూపిస్తున్నారా, ఇంకెక్కడైనానా?" ఆయన మాటలో పడేవాడు, ఊపిరి వదిలేవాడు, పొట్ట తన చోటికి తాను వచ్చేది. అప్పుడు టేపు బిగించి అంకె చెప్పేవారు.

"అంత లేదాంటీ, జర తక్కువ రాయుండ్రి."

"రాస్తాను. మరి నువ్వు జడ్జిగారి ముందు ఊపిరి తీసుకోవా? మాట్లాడటానికే కదూ ఫీజు తీసుకున్నావు?"

కోత మేస్త్రీకి ఆమె చెప్పేది ఒకటే పాఠం. మనిషి భుజం వంకరుంటే గుడ్డను వంకర కొయ్యి, అప్పుడు మనిషీ కోటూ ఇద్దరూ తిన్నగా ఉంటారు. ఎవరి విషయంలోనైనా ఆమె అట్లాగే నడిచారు. అందులోనే మంచి ఉంది, అందులోనే చిక్కు కూడా వచ్చింది.

ఆ చిక్కు అర్థం కావాలంటే మా దుకాణంలో సీటు సంగతి చెప్పాలి. మేము కుట్టేవాళ్ళం పదిమందికి అటు ఇటుగా ఉండేవాళ్ళం. ఒక్కొక్క సీటుకు ఒక్కొక్క రంగు దారం. కోటు పని అయ్యాక చంక దగ్గర ఆ రంగుతో ముడి వెయ్యాలి. కాజా పిగిలినా, తురుపాయి ఊడినా, కోటు తిరిగి వస్తే ముడి చూసి ఆ సీటుకే ఇచ్చేవారు. తిట్టేవారు కాదు, ఒళ్ళో పెట్టి పోయేవారు. అది తిట్టుకంటే బరువు.

సీటు మనిషిది కాదు, ఇంటిది. జ్వరమొచ్చినా, పురుడొచ్చినా ఆ ఇంటి నుంచే ఇంకొకరు రావాలి. "అక్క రాకపోతే చెల్లిని పంపండి, అత్త రాకపోతే కోడల్ని పంపండి. సీటు ఖాళీ పెట్టకండి, బయటివాళ్ళని కూర్చోబెట్టను" అనేవారు. జీతం సీటుకే, కార్మికుల బీమా కింద వచ్చే దవాఖాన కార్డు సీటుకే. పనిపోతుందని భయపడే ఇళ్ళకు ఇంతకంటే ధైర్యం ఏముంటుంది. మేమంతా దాన్ని ధర్మమనుకున్నాం. అమ్మగారూ అట్లాగే అనుకున్నారు.

మా అత్త రాజమణి పాలమూరు దిక్కు నాట్లు వేసిన చేతులతో ఈ ఊరికి వచ్చి, కాజాలు నేర్చుకుని, కిటికీ పక్క సీటు సంపాదించుకుంది. తర్వాత ఆమె కాళ్ళు వాచాయి, ముఖం ఉబ్బింది, మూత్రపిండాలు పోయినాయన్నారు. కార్మికుల కార్డు ఉంది కాబట్టి లక్డీకాపూల్ దగ్గరి దవాఖానలో వారానికి మూడు రోజులు మిషన్ మీద పడుకోబెట్టి రక్తం శుద్ధి చేస్తున్నారు. కార్డు లేకపోతే లాడ్జిలో పనిచేసే మా ఆయన జీతానికి అది అయ్యే పని కాదు. ఆమె సీటులో నేను వచ్చి కూర్చున్నాను.

మొదటి రోజు అమ్మగారు నా పేరు అడగలేదు. "సూది ఏ వేలితో తోస్తావు?" అన్నారు.

"గీ నడిమి వేలుతోనమ్మా."

"మీ అత్తా అంతే. కూర్చో." పసుపు దారం ఉండ నా ఒళ్ళో పెట్టారు.

రోజూ పొద్దున సీట్లన్నీ చూస్తూ, "రాజమణి సీటు?" అనేవారు. నేను "ఉన్ననమ్మా" అనేదాన్ని. ఏళ్ళ తరబడి అదే మాట. ఎవరి మనసులోనూ తప్పన్న సంగతే లేదు. నెల నెలా లెక్కల సారు గన్‌ఫౌండ్రీ నుంచి స్కూటర్ మీద వచ్చి పేర్లు, రోజులు, జీతాలు తీసుకుపోయి కంప్యూటర్‌లో ఎక్కించేవాడు. నడివయసు మనిషి, మంచివాడే. ఆయన తెచ్చింది ఏ కాగితమైనా అమ్మగారు అద్దాలు వెతుక్కోకుండా సంతకం పెట్టేవారు.

కిందటేడు వానల్లో ఆయన హెల్మెట్ తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. పద్ధతి మారిందన్నాడు. ఇకమీద ఒక్కొక్క మనిషి ఆధార్‌తో జత పడాలి. ఎవరు ఎన్ని రోజులు పని చేశారో మనిషి మనిషికీ విడిగా ఎక్కించాలి. కొత్తగా చేరేవాళ్ళయితే ఫోన్‌లో ముఖం చూపిస్తేనే నంబరు పుడుతుంది. నెలకోసారి నిజమేనని ఒప్పుకునే అంకెలు యజమాని ఫోన్‌కే వస్తాయి.

ఫోన్ కొయ్యిమంది. అమ్మగారు దాన్ని చేతి దూరం పెట్టి, దుకాణమంతా వినబడేటట్టు అంకెలు ఒక్కొక్కటీ చదివారు.

"అమ్మగారూ, అవి ఎవ్వలకు చెప్పొద్దు."

"ఎవరున్నారు నాయనా ఇక్కడ? మన పిల్లలే."

ట్రయల్‌కు వచ్చిన వకీలు ఒకాయన ఒక చెయ్యి తొడిగి ఒక చెయ్యి తొడగకుండా నిలబడి, "నేనున్న ఆంటీ" అన్నాడు. అందరం నవ్వాం. ఆ దుకాణంలో నిర్భయంగా నవ్విన నవ్వు అదే ఆఖరు అనిపిస్తుంది నాకు.

లెక్కల సారు ఫోన్‌లో ఫోటోలు చూసుకుంటూ ఒక్కొక్క పేరూ చదువుతున్నాడు. రాజమణి అన్నాడు. నేను అలవాటుకొద్దీ, "ఉన్న" అన్నాను. ఆయన ఫోన్ చూశాడు, నన్ను చూశాడు.

"ఈమె రాజమణి కాదు గదా."

"ఆ సీటు అమ్మాయే" అన్నారు అమ్మగారు.

"సీటు గాదమ్మగారూ, మనిషిని అడుగుతున్నరు."

"రాజమణి కోడలు. ఆవిడకి ఒంట్లో బాగుండక ఈ అమ్మాయి చేస్తోంది. ఎప్పట్నించో చేస్తోంది."

"అయితే అసలు రాజమణి పని చేస్తలేదు. చేసినట్టు మనం నెల నెలా ఎక్కిస్తున్నం." ఆయన గొంతు తగ్గించాడు. "ఏం ఫికర్ లేదు. ముసలామె ఆధార్ తెప్పియ్యుండ్రి, జత చేసేస్త. ఎప్పటిలెక్కనే నడుస్తది. ఎవ్వడు వచ్చి చూస్తడు గీడికి."

అమ్మగారు ఆ మాట పట్టుకోలేదు. వేరేది అడిగారు. "ఈ అమ్మాయి అందులో ఎక్కడుంది?"

"ఎక్కడ లేదు."

"ఇన్నేళ్ళూ ఇక్కడే కూర్చుంది కదయ్యా. రేపు దీని చెయ్యి కుట్టుమిషన్‌లో పడితే?"

"పేరే లేనప్పుడు ఏమొస్తదమ్మగారూ? ఏం రాదు."

ఆమె మెడలోంచి టేపు తీసి బల్ల మీద పెట్టారు. మెడ ఖాళీగా ఉన్న అమ్మగారిని నేను అప్పుడే చూశాను. ఆ పూట ఇంకెవరినీ కొలవలేదు.

తర్వాతి ఆదివారం నాంపల్లి స్టేషన్ వెనక మా గదికి వచ్చారు. ఇరుకు మెట్లు ఎక్కి, గడప దగ్గర గోడ పట్టుకుని నిలబడి, ఊపిరి అందాక లోపలికి వచ్చారు. అత్త చాప మీద పడుకుని ఉంది. ముందురోజే మిషన్ అయింది, ఒళ్ళంతా వడిలిపోయి ఉంది. అమ్మగారు కుర్చీ వద్దని చాప కొసన కూర్చున్నారు. తిప్పి చెప్పడం ఆమెకు రాదు. కోడలు పని చేస్తుంటే అత్త పేరు రాస్తున్నానని, ఇది తెలిశాక ఒప్పుకుంటూ అంకెలు కొట్టడం తన వల్ల కాదని చెప్పారు.

అత్త లేచి కూర్చుంది. "నా కార్డు తీసేస్తవా అమ్మా?"

"తియ్యను. కానీ కోడలి పేరు విడిగా ఎక్కిస్తాను. దాని కార్డు కొత్తది కాబట్టి మామూలు మందులు వెంటనే ఇస్తారు. పెద్ద వైద్యానికి మాత్రం కొన్ని నెలలు చందా పడాలట. ఆ తర్వాత కోడలి కార్డులో అత్తని కూడా రాసుకునే వీలు కొత్త చట్టంలో వస్తుందంటున్నాడు సారు. అప్పుడు నీకు ఏ సీటూ అక్కర్లేదు, హాయిగా ఇంట్లో ఉండొచ్చు."

"అందాక నన్ను మిషన్ మీద ఎవరు పండవెడ్తరు?"

అమ్మగారు చాప ఈనెను గోటితో గీశారు. "నువ్వొచ్చి కూర్చో రాజమణీ. మిషన్ లేని రోజు వచ్చి, చేతనైనన్ని బొత్తాలు కుట్టు. అప్పుడు నీ పేరు మీద నేను రాసేది నిజమవుతుంది. ఆ రోజులు సరిపోతాయని సారు లెక్క చూశాడు. తగ్గితే మాత్రం కార్డు పెద్ద వైద్యానికి పనికిరాదు."

నాకు కోపం వచ్చింది. "ఆమెకు బాత్రూందాక నడవనీకె రాదమ్మా. ఆబిడ్స్ దాక ఎట్లొస్తది?"

"తెలుసమ్మాయ్."

"తెలిసి గట్లంటరేంది?"

అత్త నా వైపు చూడకుండా, గోడకు ఒరిగి, "నా కుర్చీ కిటికీ కాడనే ఉన్నదా?" అని అడిగింది.

అట్లా అత్త మళ్ళీ పనిలోకి వచ్చింది. మా ఆయన పొద్దున్నే ఆటో మాట్లాడి ఎక్కించేవాడు. మంచి చీర కట్టుకుని, నూనె రాసి దువ్వుకుని, పోగొట్టుకున్న పొలం తిరిగి వచ్చినట్టు తన సీటులో కూర్చునేది. కిటికీ పక్క వెలుతురు ఆమెకు దక్కింది, ఇస్త్రీ బల్ల దగ్గర ఉక్క నాకు వచ్చింది. ఎడమచేతికి దవాఖానలో సూదులు గుచ్చే నరం ఉబ్బి తాడులా ఉండేది, దాన్ని ఒడిలో పెట్టుకుని కుడిచేత్తో కుట్టేది. కుడుతూ నా మీద కన్నేసేది.

"పిల్లా, గా కాజా జూడు. బర్రె నోరు లెక్క తెరిసినవ్."

"నువ్వు పండుకున్నన్ని రోజులు గీ బర్రె నోరే గదా నీ సీటు నడిపింది."

"నడిపినవ్ తియ్యి. వకీలు బొత్తం పెడితే ఇవుతలకెల్లి అవుతలికి పోతుండె."

అమ్మగారు బల్ల మీద గుడ్డ పరుస్తూ వింటూ ఉండేవారు. ఆ పూటలు బాగుండేవి.

నా పేరు ఎక్కించిన రోజు సంగతి చెప్పాలి. ఫోన్ ముందు నన్ను కూర్చోబెట్టారు. కన్ను ఆర్పమంటుంది, ఆర్పితే కదిలావంటుంది. దగ్గరికి రమ్మంటుంది, వస్తే చీకటంటుంది. లెక్కల సారు చెమటలు తుడుచుకున్నాడు. "దీనికి పెళ్ళిచూపుల వాళ్ళ కంటే పట్టింపు ఎక్కువ" అని అమ్మగారు ట్యూబులైటు కిందికి నా గడ్డం పట్టి తిప్పారు. చివరికి నంబరు పుట్టింది. ఆమె దారాల పెట్టెలో చెయ్యి పెట్టి వెతికి, ఎర్ర దారం ఉండ తీసి నాకిచ్చారు. పసుపు తిరిగి అత్తకు వెళ్ళింది కదా. మర్నాడు పొద్దున, "రాజమణీ" అన్నారు. అత్త పలికింది. ఆ తర్వాత నా పేరు పిలిచారు. ఇన్నేళ్ళలో మొదటిసారి. పలకడానికి నాకు కొంచెం ఆలస్యమైంది.

మంచిరోజులు మాత్రమే చెప్పి ఊరుకుంటే అబద్ధమవుతుంది. ఒక మధ్యాహ్నం అత్త చేతిలోంచి కోటు జారింది, దాని వెంటే మనిషీ జారింది. నేను పరుగెత్తి తల ఒళ్ళో పెట్టుకున్నాను. నీళ్ళు ఎక్కువ తాగకూడని మనిషి, పెదవులు తడపడానికి కూడా భయం. ఆమె కళ్ళు తెరిచాక నేను ఆగలేకపోయాను. అందరి ముందర అమ్మగారిని అడిగాను.

"గా ఫోన్‌ల నిజం ఎక్కనీకె ముసలిదాన్ని సంపుతవా అమ్మా? లెక్కల సారు చెప్పినట్టు రాసుకుంటే ఎవలకేం నష్టముండె?"

కుట్టుమిషన్లన్నీ ఆగిపోయాయి. యజమానురాలిని నువ్వు అన్నానని నాకు తర్వాత గుర్తొచ్చింది. ఆమె దాన్ని పట్టించుకున్నట్టు లేదు.

"ఇంట్లో పడుకోబెట్టి రాస్తే నేను అబద్ధాలకోరుని. ఇక్కడ కూర్చోబెట్టి రాస్తే పాపాత్మురాలిని. నాకు మూడోది కనబడటం లేదమ్మాయ్. నీకు కనబడితే చెప్పు, అలాగే చేద్దాం."

నాకూ కనబడలేదు. ఇప్పటికీ కనబడలేదు. ఆమెది పట్టుదలా, దయా అని ఎవరైనా అడిగితే నేను తేల్చి చెప్పలేను. కొన్ని రోజులు ఒకటనిపిస్తుంది, కొన్ని రోజులు రెండోదనిపిస్తుంది.

ఆ మర్నాడు ట్రయల్ రూములో అద్దం తీయించి, మడత మంచం వేయించారు. కోటు తొడిగి చూసుకోవడానికి వచ్చిన వకీళ్ళు దుకాణం నడిమధ్యలో, అందరి ముందు చొక్కాల మీద నిలబడాల్సి వచ్చింది. "ఆంటీ, లోపల ఎవరన్న ఉన్నరా?" అని అడిగితే, "మా స్టాఫ్ రెస్టు తీసుకుంటున్నారు నాయనా" అనేవారు. అత్త లోపలినుంచి వింటూ నవ్వేది. "స్టాఫట నేను" అని ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పుకునేది.

పొద్దున అత్త రాగానే అమ్మగారు ముందు ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని బొటనవేలితో మడమ పైన నొక్కేవారు. గుంట పడి నిలిచిందంటే నీరు చేరినట్టు. వెంటనే ఆటో పిలిపించి ఇంటికి పంపేవారు, ఆ రోజు సెలవు రాసేవారు. అట్లా సెలవులు పేరుకున్నాయి. ఒక నెల లెక్కల సారు తల గోక్కుంటూ అన్నాడు, "రోజులు అంచుల మీదున్నయి అమ్మగారూ. ఒకటి రెండు వేసేద్దాం, ఏమైతది."

"ఒకటి వేశాక రెండోది వెయ్యకుండా నన్ను ఆపేదెవరయ్యా?" అన్నారు. అని, ఆ మంచం వైపు చూసి, ముఖం తిప్పుకున్నారు. చలువ రాతి మీద చెయ్యి పెట్టినట్టుండేది ఆ రోజుల్లో ఆమె పక్కన కూర్చుంటే. నవ్వు తగ్గింది. అన్నం డబ్బా మూత తీసి, మళ్ళీ మూసేసేవారు. మాకు మాగాయ పెట్టడం మాత్రం మానలేదు. "మీ జొన్నరొట్టెలోకి ఇది పనికిరాదు, అయినా తినండి" అనేవారు.

ఆమె గుండె సంగతి మాకెవరికీ చెప్పలేదు. ఒక సాయంత్రం రెండు అర్జెంటు కోట్లు సంచిలో పెట్టుకుని, బొత్తాలు పడాల్సినవి, ఇంట్లో ఒకసారి చూసుకుని తెస్తానని ఖైరతాబాద్ వెళ్ళారు. తెల్లారి షట్టరు తియ్యలేదు. గుండెపోటని, దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందని కోత మేస్త్రీ వచ్చి చెప్పాడు.

నేను ఏడ్చాను. ఏడుస్తూనే అత్త రోజుల సంగతి గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఎట్లా ఉంటుంది. నా కార్డుకు ఇంకా గడువు కాలేదు. అత్త రోజులు అంచు మీద ఉన్నాయి. కర్మ జరిగే పెద్దదినం దాకా దుకాణం మూసి ఉంటే ఆ నెల లెక్క తప్పుతుంది, తప్పితే మిషన్ ఆగుతుంది.

మూడోనాడు అత్తను తీసుకుని ఖైరతాబాద్ ఇంటికి పోయాను. హాలులో చాపలు, గోడ వారగా ఫోటో, ముందు దీపం. ఫోటోలో అమ్మగారు పెళ్ళిపట్టు చీర కట్టుకుని ఎవరో తెలియని మనిషిలా ఉన్నారు. అమ్మగారి అమ్మాయి గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగం చేస్తుంది, దుకాణానికి ఎప్పుడో తప్ప వచ్చేది కాదు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. మా పక్కన వచ్చి కూర్చుని, తల్లి ఫోన్ చేతిలో తిప్పుతూ మెల్లగా అంది.

"లెక్కల సారు ఫోన్ చేశారు. ఈ నెల ఆఖర్న అందరి రోజులూ చెప్పి, ఒప్పుకునే అంకెలు నన్ను కొట్టమన్నారు. రాజమణి గారివి తగ్గుతాయట. మూసి ఉన్న రోజులు కూడా పని చేసినట్టు వేసెయ్యమంటున్నారు. వేసెయ్యనా?"

వెయ్యమని నా నాలుక మీదికి వచ్చింది. దీపం ఉన్న వైపు చూడకుండా ఉంటే అనేదాన్నేమో. నేను మింగుతూ ఉండగానే అత్త అందుకుంది.

"వద్దు బిడ్డా."

"మరి మీ వైద్యం?"

"పని ఉంటే ఇయ్యి, చేసినన్ని రోజులే రాయి. అమ్మ రెండు కోట్లు ఇంటికి తెచ్చుకునె గద. బొత్తాలు పడలేదు వాటికి."

అటు పక్కన అమ్మగారి చెల్లెలు, బందరు నుంచి వచ్చిన పెద్దావిడ, ఇదంతా వింటూ ఉంది. "మైలింట్లో సూది పడతారా ఎక్కడైనా? పెద్దదినం దాకా సూది ముట్టుకోకూడదమ్మా. పోయినవాళ్ళకి గుచ్చుకుంటుందంటారు. అంటు కాదూ?"

చాపల మీద ఆడవాళ్ళంతా మా వైపు తిరిగారు. అత్త ఎడమచెయ్యి కొంగు కింద నుంచి తీసి, ఉబ్బిన నరం పైకి వచ్చేటట్టు ఒడిలో పెట్టుకుంది. గొంతు పెంచలేదు.

"నా నెత్తురే వారానికి మూడుసార్లు కడుగుతున్నరక్కా. నాకేం అంటుతది?"

పెద్దావిడ ఆ చెయ్యి చూసి, కళ్ళు దించుకుని, కొంచెం జరిగి చాప మీద చోటిచ్చింది. అమ్మాయి లోపలికి పోయి సంచి తెచ్చింది. కోట్లు తల్లి మడిచిన మడతలోనే ఉన్నాయి. నల్లబొత్తాలు గిన్నెలో పోసి తెచ్చింది. నేను సూదిలో దారం ఎక్కించి ఇచ్చాను, అత్తకు నల్లదారం ఆనదు. కుడిచేత్తో మెల్లగా, మధ్య మధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ, మొదటి బొత్తం కుట్టింది.

అమ్మాయి కోటు అందుకుని చూసింది. బ్యాంకులో కూర్చునే మనిషి, కుట్టు సంగతి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఆమె బొత్తాన్ని రెండు వేళ్ళతో పట్టి లాగింది. దారం సాగి బొత్తం వేలాడింది.

"వదులుగా ఉందండీ" అంది.

ఈ చావింట్లో, ఈ స్థితిలో ఉన్న మనిషిని అట్లా అంటుందా. అత్త మాత్రం ఆ పిల్ల ముఖంలోకి కాసేపు చూసింది. చూసి తల ఊపింది.

"ఔ. వదులే ఉన్నది. ఇటియ్యి."

పళ్ళతో దారం తెంపి, ముక్కలు ఏరి కొంగున వేసుకుని, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. అమ్మాయి పక్కనే కూర్చుంది. కోటు పూర్తయ్యేదాకా ఫోన్ ముట్టలేదు.